కొండకొమ్మున హిల్డా తల్లి

ఈ నెల మిమ్మును ఒక పాడుబడిన దేవాలయమునకు తీసికొనిపోవలెనని మా కోరిక.

అది మన దేశమున లేదు. ఇంగ్లాండు తూర్పు తీరమున, యార్క్‌షైరు ప్రాంతములో, విట్బీ అను చేపలరేవు పట్టణమున్నది. ఎస్క్ అను చిన్న నది ఆ ఊరిని రెండుగా చీల్చి సముద్రములో కలియును. తూర్పు ఒడ్డున నున్న పాత వీధినుండి కొండమీదికి 199 రాతిమెట్లు. పూర్వము శవపేటికలను భుజములమీద మోసికొని ఆ మెట్లమీదుగానే పైకి పోయెడివారు. మోయువారు దించి ఊపిరి తీసికొనుటకై నడుమ నడుమ వెడల్పైన మెట్లు కట్టియున్నారు. పైకి చేరగానే సమాధులు, వాటి నడుమ ఊరి దేవాలయము. దానిని దాటిన పిమ్మట, సముద్రములోనికి పొడుచుకొని వచ్చిన ఆ కొండకొమ్మున, పైకప్పు లేని పెద్ద రాతి దేవాలయ మొకటి నిలిచియున్నది. కిటికీలలో అద్దములు లేవు. గాలి ఈ వైపునుండి ఆ వైపునకు పోవుచుండును. విశ్వాసులు మోకరించిన నేలమీద ఇప్పుడు గడ్డి. ఆవల ఉత్తర సముద్రము.

మేమా మెట్లెక్కినవారము కాము. సెమినరీలో సంఘచరిత్ర చదువు దినములలో ఆ స్థలము పేరు మొదట వింటిమి. పరీక్షకు కావలసినంత వ్రాసికొని, తక్కినది మరచిపోయితిమి. ఇటీవల మరల చదివితిమి. ఈ కాలమున చేతిలోని ఫోనులోనే ఆ గోడలను చూడవచ్చును గనుక వాటిని చూచితిమి కూడ. మరల ఎందుకు చదివితిమో ముందునకు చెప్పెదము.

ఇప్పుడు నిలిచియున్న గోడలలో అధిక భాగము 13వ శతాబ్దమున కట్టినవి. వాటికి దాదాపు 600 సంవత్సరముల ముందు, క్రీస్తు శకము 657లో, అదే కొండమీద ఒక స్త్రీ మఠము స్థాపించెను. ఆమె పేరు హిల్డా. ఆమె చరిత్రను వ్రాసినవాడు బీడ్ అను దైవజనుడు. అదే తీరమున ఉత్తరముగా నున్న జారో మఠములో నుండి 731లో అతడు తన సంఘచరిత్రను ముగించెను. హిల్డా మరణించునప్పటికి అతడు బాలుడు గనుక ఆమెను ఎరిగినవారు బ్రదికియున్న కాలముననే పెరిగెను. ఇచ్చట మేము చెప్పు సంగతులలో అనేకములు అతని గ్రంథములోనివే.

హిల్డా 614లో రాజకుటుంబములో పుట్టెను. పుట్టుక గొప్పదే గాని ఇల్లు సుఖమైనది కాదు. తండ్రి హెరెరిక్ శత్రుభయముచేత పరదేశమున తలదాచుకొనియుండగా ఎవరో విషము పెట్టి చంపిరి. అప్పటికి హిల్డా పసిబిడ్డ. ఆ దినములలో తల్లికి ఒక కల వచ్చెనట. భర్తను వెదకి వెదకి కానక, తుదకు తన వస్త్రము మడతలో ఒక విలువగల కంఠహారమును కనుగొనెను. దాని వెలుగు దేశమంతట నిండెను. కలలకు అర్థము చెప్పుట మా పని కాదు. తండ్రి లేని ఆ బిడ్డ పిమ్మట ఏమాయెనో మాత్రము చెప్పెదము.

ఆమె తండ్రికి దగ్గరి బంధువైన ఎడ్విన్ అప్పుడు నార్తంబ్రియా దేశమునకు రాజు. అతని భార్య కెంటు దేశపు రాజకుమార్తె, క్రైస్తవురాలు. ఆమెతోకూడ పౌలినస్ అను బోధకుడు వచ్చెను. రాజు తొందరపడలేదు. చాలకాలము ఆలోచించి, తనవారితో సంప్రదించి, 627 ఏప్రిల్ 12వ తేదీ ఈస్టరు దినమున యార్కు పట్టణములో, త్వరత్వరగా కట్టిన కొయ్య దేవాలయమునందు బాప్తిస్మము పొందెను. ఆ దినములలోనే అతనితోపాటు విశ్వసించి బాప్తిస్మము పొందినవారిలో హిల్డా ఒకతె. ఆమెకు పదుమూడేండ్లు.

ఆరు సంవత్సరములకే ఎడ్విన్ యుద్ధములో కూలెను. పౌలినస్ రాణిని, బిడ్డలను వెంటబెట్టుకొని ఓడయెక్కి కెంటునకు వెళ్లిపోయెను. నిన్న మొన్న కట్టిన సంఘము కాపరి లేనిదాయెను. యాకోబు అను పరిచారకుడు మాత్రము యార్కు ప్రాంతమును విడువక బోధించుచు, బాప్తిస్మమిచ్చుచు, సమాధాన కాలము వచ్చిన పిమ్మట అనేకులకు దేవాలయ గానము నేర్పుచు ముసలివాడగువరకు అచ్చటనే యుండెను. పెద్ద బోధకుల పేర్లు అందరికి తెలియును. ఇటువంటి యాకోబుల వలన సంఘము నిలుచును. 635లో ఓస్వాల్డ్ రాజు పిలువగా, స్కాట్లాండు పడమటి తీరమునందలి అయోనా ద్వీపమునుండి ఐడన్ అను భక్తుడు వచ్చి లిండిస్‌ఫార్న్ దీవిలో కాపురముండి, కాలినడకన ఊరూర సువార్త చెప్పెను. అతనికి వారి భాష సరిగా రాదు గనుక రాజే ప్రక్కన నిలిచి అర్థము చెప్పుచుండెను.

ఇన్ని సంవత్సరములు హిల్డా ఏమి చేయుచుండెనో బీడ్ వ్రాయలేదు. 647లో, ముప్పది మూడవయేట, ఆమె తన జీవితమంతయు ప్రభువు సేవకు విడువ నిశ్చయించుకొనెను. గాల్ దేశములో, ప్యారిసు సమీపమున, షెల్ అను మఠమున్నది. ఆమె అక్క హెరెస్వితును ప్రభువు సేవకు అటు వెళ్లినదే. హిల్డా కూడ సముద్రము దాటిపోవలెనని తూర్పు ఆంగ్లియాకు వచ్చి ఒక సంవత్సరము కనిపెట్టుకొనియుండెను. అంతలో ఐడన్ ఆమెను వెనుకకు పిలిచెను. ఆమెకు దొరికినది షెల్ కాదు. వేర్ నది ఉత్తరపు ఒడ్డున ఒక్క కుటుంబము బ్రతుకుటకు చాలినంత నేల మాత్రమే. కొందరు సహోదరీలతో ఆమె ఒక సంవత్సరము అచ్చటనే జీవించెను. ప్రఖ్యాతమైన చోటికి పోవుటకు మూట కట్టుకొనినవారిని ఎకరములు లెక్కపెట్టుకొను చోటికి పంపుట ఎంత కష్టమో ఉపదేశకులైన మాకు తెలియును. హిల్డా వెనుకకు మరలెను. ఆ పిమ్మట ఐడన్ సమ్మతితో హార్టిల్‌పూల్ మఠము ఆమె పెద్దరికమునకు వచ్చెను. అదియు సముద్రములోనికి చొచ్చుకొనియున్న కొమ్మే.

655లో ఓస్వియు రాజు గొప్ప యుద్ధమునకు పోవుచు, దేవుడు జయమిచ్చినయెడల తన కుమార్తెను ప్రభువునకు ప్రతిష్ఠించెదనని, మఠములకు పండ్రెండు మాన్యములు ఇచ్చెదనని మ్రొక్కుకొనెను. జయము వచ్చెను. అప్పటికి సంవత్సరమైనను సరిగా నిండని ఎల్‌ఫ్లెడ్‌ను హిల్డా చేతులలో పెట్టిరి. యెఫ్తా మ్రొక్కుబడి ఎరిగిన మేము రాజులు యుద్ధమునకు పోవుచు చేయు మ్రొక్కులను మెచ్చుకొనజాలము. అయినను ఈ బిడ్డకు మంచి ఒడి దొరికెను. రెండు సంవత్సరములకు హిల్డా పది కుటుంబములకు చాలిన నేలను విట్బీ కొండమీద సంపాదించి మఠము కట్టెను. ఆ దినములలో దానికి విట్బీ అను పేరు లేదు. అది తరువాత డేనులు పెట్టిన పేరు.

ఆ మఠములో పురుషులును స్త్రీలును వేరువేరుగా నివసించి, ఒకే దేవాలయమున ఆరాధించుచుండిరి. అందరిపైన పెద్ద హిల్డాయే. ఖర్జూరపు చెట్టు క్రింద కూర్చుండి ఇశ్రాయేలీయులకు తీర్పు తీర్చిన దెబోరాను చదివినవారికి ఇది వింత కానక్కరలేదు. అచ్చట ధనవంతుడు లేడు, బీదవాడు లేడు. అపొస్తలుల దినములలోవలె అన్నియు అందరికి సమష్టిగా నుండెను. ప్రతివాడు లేఖనములు చదువవలెను, మేలు చేయవలెను. ఆమె చేతిక్రింద చదివినవారిలో అయిదుగురు బిషప్పులైరి. రాజులు వచ్చి ఆలోచన అడిగిరి. కూలివారు కూడ వచ్చి అడిగిరి. ఎరిగినవారందరు ఆమెను తల్లీ అని పిలిచెడివారు. ఆ పిలుపు పదవినిబట్టి వచ్చినది కాదు.

664లో ఆ కొండమీద ఒక గొప్ప సభ కూడెను. తగవు ఈస్టరు తేదీ గురించి. ఐడన్ మొదలైన ఐర్లాండు వంశపు బోధకులు ఒక లెక్క పాటించుచుండిరి. రోమావారిది వేరు లెక్క. రాజు ఓస్వియు మొదటిదానిని, కెంటులో పెరిగిన రాణి రెండవదానిని ఆచరించుచుండిరి. కావున కొన్ని సంవత్సరములలో రాజు పునరుత్థాన పండుగ విందు చేయుచుండగా, రాణి ఇంకను మట్టల ఆదివారమున ఉపవాసముండెను. ఒకే ఇంట రెండు పండుగలు! మన పల్లెలలో ఇంతకన్న చిన్న సంగతికి రెండు పాకలు లేచుట మేము చూచియున్నాము. హిల్డా ఐడన్ శిష్యురాలు గనుక అతని వారి పక్షముననే యుండెను. ఆ పక్షమున కోల్మన్ మాటలాడెను. రోమా పక్షమున విల్‌ఫ్రిడ్ మాటలాడెను. పరలోకపు తాళపుచెవులు పేతురు చేతిలో నున్నవి గనుక తాను పేతురు పక్షమున నుందునని రాజు తీర్పు చెప్పెను. ఆ వాదము ఎంత బలమైనదో చదువరులే చూచుకొందురు గాక.

హిల్డా పక్షము ఓడిపోయెను. తన మఠములోనే, తన కన్నుల యెదుటనే ఓడిపోయెను. కోల్మన్ ఐడన్ ఎముకలలో కొన్ని తీసికొని, తనతో వచ్చువారిని వెంటబెట్టుకొని దేశము విడిచి వెళ్లెను. హిల్డా వెళ్లలేదు; మఠమును చీల్చలేదు. ఆ పిమ్మట పదునారు సంవత్సరములు క్రొత్త లెక్క ప్రకారమే అందరితో పండుగ చేసికొనెను. ఆమె లోపల ఎంత నొచ్చుకొనెనో దేవునికే తెలియును. ఆమెలో పట్టుదల లేదని తలంపకుడి. తరువాతి కాలమున విల్‌ఫ్రిడ్ బిషప్పు వ్యవహారములో ఆమె అతనికి విరోధముగా ఆర్చిబిషప్పుతో కలిసి రోమునకు దూతలను పంపెను. మనుష్యురాలే గదా. అయితే పండుగ తేదీ నిమిత్తము ప్రభువు శరీరమును రెండు చేయలేదు. వేరువేరు దినములలో పండుగ చేసికొనిన ఆ రాజును రాణియు తుదకు ఆ కొండమీద, ఒకే దేవాలయములో సమాధి చేయబడిరి.

ఇప్పుడు పశువుల కాపరి సంగతి చెప్పెదము. మేము ఈ చరిత్ర మరల చదువుటకు కారణ మిదియే.

ఆ మఠపు పశువులను కాయువారిలో కేడ్మన్ అను నొకడుండెను. వయస్సు మీరినవాడు, అక్షరము రానివాడు. ఆ దేశమున విందులలో సితారాను చేతినుండి చేతికి అందించుచు ప్రతివాడు ఒక పాట పాడుట వాడుక. సితారా తన వైపునకు వచ్చుట చూడగానే కేడ్మన్ లేచి బయటికి పోవును. ఆ సిగ్గు పల్లెవారికి వివరించి చెప్పనక్కరలేదు. ఒక రాత్రి అట్లే లేచి వెళ్లి, ఆ రాత్రి కావలి తన వంతు గనుక పశువుల కొట్టములో పండుకొనెను. కలలో ఒకడు నిలిచి పేరు పెట్టి పిలిచి, పాడుమనెను. తనకు పాట రాదనియు, అందుచేతనే విందు విడిచి వచ్చితిననియు కేడ్మన్ చెప్పెను. మోషే పొద యెదుట తన నాలుక మాంద్యమును చెప్పుకొనిన రీతి ఇదే గదా. అయినను పాడవలసినదే, సృష్టి ఆరంభమును గురించి పాడుమని అతడనెను. అంతట కేడ్మన్ ఎన్నడు వినని మాటలతో సృష్టికర్తను స్తుతించి పాడెను. మేల్కొనిన పిమ్మట ఆ పాట మరువలేదు. మరికొన్ని చరణములు చేర్చెను.

ఉదయమున తన పెత్తనదారునితో చెప్పెను. ఆ పెత్తనదారుడు నవ్వి పంపివేయలేదు. అతనికిని మనము వందనములు చెల్లింపవలెను. అతడు వానిని హిల్డా యొద్దకు తీసికొనిపోయెను. ఆమె పండితులను కూర్చుండబెట్టి, వారి యెదుట ఆ కాపరిచేత కలను చెప్పించి, పాటను పాడించెను. వారు లేఖనములోని ఒక భాగమును అతనికి వినిపించి, చేతనైన దానిని పాటగా కట్టుమనిరి. మరునాటి ఉదయమున అతడు కట్టి తెచ్చెను. అది ప్రభువిచ్చిన వరమేనని అందరు ఒప్పుకొనిరి. హిల్డా అతనిని మఠములో సహోదరునిగా చేర్చుకొని, లేఖన చరిత్ర యంతయు అతనికి వరుసగా వినిపింపుమని ఆజ్ఞాపించెను. అతడు విన్నదానిని, శుద్ధమైన పశువు మేతను నెమరు వేసినట్లు మనస్సులో నెమరు వేసి, మధురమైన పాటగా మార్చెడివాడని బీడ్ వ్రాసెను. లేవీయకాండము చదివినవారికి, గొడ్డును కాచినవారికి ఈ పోలిక చక్కగా తెలియును. ఆదికాండము, నిర్గమకాండము, ప్రభువు జననము, శ్రమలు, పునరుత్థానము, తీర్పు దినము వీటినన్నిటిని తన తల్లిభాషలో పాడెను. అతనికి చెప్పిన గురువులే కూర్చుండి వినువారైరి.

మేము మొదట పనిచేసిన గ్రామములో గేదెలు కాయు పెద్దాయన యొకడుండెను. ఒక ఆదివారము ఆరాధనలో లేచి, తాను కట్టిన పాటయని ఒకటి మొదలుపెట్టెను. రాగము కోతకూలీల పాటది. యోసేపును గుంటలో పడద్రోసిన సంగతి అందులో నుండెను. అది కీర్తనల పుస్తకములో లేదు, వేళ మించిపోవుచున్నది. సెమినరీ విడిచి రెండేండ్లు కాలేదు మాకు. కూర్చుండు తాతా, పిమ్మట చూతమని అంటిమి. కొందరు పిల్లలు నవ్విరి. ఆయన కూర్చుండెను. ఆ పిమ్మటను ఆదివారము తప్పక వచ్చెను గాని మరల పాడలేదు, మేమును అడుగలేదు. మేము వేరొక గ్రామమునకు మారిన కొన్ని సంవత్సరములకు ఆయన ప్రభువునందు నిద్రించెనని వింటిమి. సమాధి కార్యక్రమమునకు పోలేకపోయితిమి. ఇటీవల ఆ ఊరివారు కొందరు కలిసినప్పుడు ఆ పాట ఎవరికైన వచ్చునా యని అడిగితిమి. మొదటి పల్లవి మాత్రము ఒక ముసలమ్మకు జ్ఞాపకమున్నది. తక్కినది ఎవరికిని రాదు.

కేడ్మన్ పాటలలో నిశ్చయముగా మిగిలినదియు ఆ మొదటి పాటలోని కొన్ని పంక్తులే. అయితే అతడు పాడినన్నాళ్లు వినబడెను. అతని మరణము కూడ అతని వంటిదే. పదునాలుగు దినములు నలతగా నుండెను గాని నడువగలుగుచుండెను. ఒక సాయంకాలమున, మరణమునకు సమీపించినవారిని ఉంచు గృహములో తనకు పడక వేయుమని అడుగగా అందరు ఆశ్చర్యపడిరి. అర్ధరాత్రి దాటువరకు అచ్చటివారితో సంతోషముగా మాటలాడి, ప్రభురాత్రి భోజనము తెమ్మనెను. దానిని చేతిలో పట్టుకొని, తనమీద ఎవరికైన మనస్తాపమున్నదా యని అడిగెను. లేదనిరి. తానును అందరితో సమాధానముగా నున్నానని చెప్పి పుచ్చుకొనెను. వేకువ స్తుతి పాడుటకు ఇంకను ఎంత వేళ యున్నదని అడిగి, తలగడమీద తల వాల్చి నిద్రపోయినట్లు వెళ్లిపోయెను.

హిల్డా చివరి సంవత్సరములు జ్వరముతో గడచెను. ఆరు సంవత్సరములు ఆ జ్వరము ఆమెను విడువలేదు. అన్నాళ్లును ఆమె దేవునికి కృతజ్ఞతలు చెల్లించుట గాని, తన వారికి బోధించుట గాని మానలేదు. ఏడవయేట నొప్పి లోపలికి తిరిగెను. 680 నవంబరు 17వ తేదీ కోడి కూయు వేళ, ఆమె సంస్కారము పుచ్చుకొని, సహోదరీలను చుట్టు పిలిచి, ఒకరితోనొకరును అందరితోను సువార్తకు తగిన సమాధానము కాపాడుకొనుడని చెప్పుచుండగానే మరణించెను. ఆమెకు అరువదియారు సంవత్సరములు. ముప్పది మూడు లోకములోను, ముప్పది మూడు మఠములోను గడచెను. పదుమూడు మైళ్ల దూరమున హాక్‌నెస్‌లో ఆ సంవత్సరమే ఆమె స్థాపించిన చిన్న మఠములో, బెగు అను సహోదరి ఆ రాత్రి గంట వినినట్లును, ఇంటి కప్పు తెరచుకొని వెలుగు నిండి ఆ తల్లి ఆత్మ పైకి పోవుట చూచినట్లును మేల్కొని తెలుపగా, అందరు లేచి ప్రార్థనకు కూర్చుండిరి. తెల్లవారిన పిమ్మట మరణవార్త తెచ్చువారు వచ్చిరి.

మనము ప్రొటెస్టంటులము, భక్తులకు ప్రార్థించువారము కాము. అయినను ప్రార్థించుట వేరు, జ్ఞాపకము చేసికొనుట వేరు.

ఆ పిమ్మట మఠమును ఓస్వియు రాణియు, హిల్డా ఒడిలో పెరిగిన ఎల్‌ఫ్లెడును నడిపిరి. 9వ శతాబ్దమున డేనులు ఓడలలో వచ్చి పాడుచేసిరి. కొండ చాలకాలము శూన్యముగా నుండెను. నార్మనులు దేశమును గెలిచిన తరువాత, వారి సైనికులలో రెయిన్‌ఫ్రిడ్ అను నొకడు ఆయుధము విడిచి సన్యాసియై అచ్చట మరల ప్రార్థన వెలిగించెను. ఇప్పటి గోడలు ఆ రెండవ మఠమువి. 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు దానిని మూయించెను. 1830లో నడిమి గోపురము కూలెను. 1914 డిసెంబరు 16న జర్మను యుద్ధనౌకలు ఆ తీరముమీద గుండ్లు కురిపించినప్పుడు పడమటి ముఖము దెబ్బతినెను. సముద్రము కొండ అంచును కొరికివేయుచునే యున్నది. హిల్డా దినములనాటి నేలలో కొంత ఇదివరకే నీటిపాలాయెను.

ఆంగ్లో-సాక్సను కాలపు వస్తువులు కొన్ని ఆ కొండచుట్టు దొరికినవి. వాటిలో ఎముకతో చేసిన దువ్వెన ముక్క యొకటి విట్బీ ప్రదర్శనశాలలో నున్నది. దానిమీద ఎవరో పూర్వపు లిపిలో సన్నని గీతలతో ఒక ప్రార్థన చెక్కిరి. సర్వశక్తిగల దేవుడు సహాయము చేయవలెనని దాని భావము. ఎవరికి సహాయము చేయవలెనో ఆ పేరు కూడ చెక్కుట మొదలుపెట్టిరి. ఒకటి రెండు అక్షరములు కనబడుచున్నవి. అచ్చట దువ్వెన విరిగియున్నది.